వాన రోజు పాఠం

జపాన్ బడుల్లో ఆరోగ్యమూ వ్యాయామమూ కలిపి ఒకే సబ్జెక్టు. మన లెక్కలో డ్రిల్లు మాస్టారే అక్కడ ఆరోగ్యం పాఠం కూడా చెబుతాడు. ఎండ కాసి మైదానం పిలుస్తున్న రోజున ఊపిరితిత్తుల బొమ్మ ముందు కూర్చోవడం పిల్లలకు ఇష్టముండదు, కూర్చోబెట్టడం ఆయనకూ ఇష్టముండదు. అందుకని వాన పడి ఆట సాగని రోజున ఆ పుస్తకం తెరవడం చాలా బడుల్లో పాత అలవాటు. దానికి అక్కడివాళ్లు సరదాగా ‘వాన రోజు ఆరోగ్యం’ అని పేరు కూడా పెట్టుకున్నారు. సగం మనసు కిటికీ బయట ఉంచి వినే అలాంటి పాఠంలోకి ఈమధ్య క్యాన్సర్ వచ్చి చేరింది. మన ఏడు నుంచి తొమ్మిది తరగతులకు సమానమైన మాధ్యమిక పాఠశాలల్లో 2021 ఏప్రిల్ నుంచి, ఆ పై మూడేళ్ల ఉన్నత పాఠశాలల్లో 2022 ఏప్రిల్ నుంచి, క్యాన్సర్ గురించి చెప్పి తీరాలని జాతీయ పాఠ్యప్రణాళిక నిర్దేశించింది.

చెప్పి తీరాలనడంలోనే ఉంది విశేషమంతా. చెప్పకపోవడాన్ని మర్యాదగా పాటించి, దాదాపు ఒక కళగా సాధన చేసిన దేశమది. కురొసావా 1952లో తీసిన ‘ఇకిరు’ సినిమాలో, ఆస్పత్రిలో తన వంతు కోసం కాచుకుని ఉన్న వతానబె అనే ముసలి ఉద్యోగికి పక్కనున్న రోగి ఒకడు లోకజ్ఞానం బోధిస్తాడు. డాక్టరు చిన్న పుండేనని, ఏది తినాలనిపిస్తే అది తినవచ్చని అన్నాడంటే, అది కడుపు క్యాన్సరని అర్థం చేసుకోవాలట. కాసేపటికి లోపల డాక్టరు సరిగ్గా ఆ మాటలే అంటాడు. ఆ గదిలో అబద్ధమాడుతున్న డాక్టరొక్కడే దాన్ని ఎదుటివాడు నమ్ముతాడని ఆశపడుతున్నాడు.

క్యాన్సర్‌ను మనిషి చేతులతో పుట్టించి చూపిన ఘనత కూడా ఈ దేశానిదే కావడం మరో వింత. 1915లో టోక్యోలో యమగివా కత్సుసబురో, ఇచికావా కోయిచి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి, క్యాన్సర్ పుట్టుకకు ఒక కారణాన్ని కళ్లకు కట్టారు. ప్రయోగశాలలో అంత సాహసం, రోగి మంచం పక్కన అంత సంకోచం. ఈ రెండూ ఒకే దేశంలో చాలాకాలం ఒకదాన్నొకటి పలకరించుకోకుండా బతికాయి. షోవా చక్రవర్తి హిరోహితోకు 1987లో శస్త్రచికిత్స జరిగింది. 1989 జనవరి 7న ఆయన కన్నుమూసిన తర్వాతే అది ఆంత్రమూలంలో వచ్చిన క్యాన్సరని వైద్యులు అధికారికంగా ప్రకటించారు. ఆయనకు కూడా ఆ సంగతి చెప్పలేదు. సింహాసనం మీదున్నా సామాన్య రోగికి జరిగే మర్యాదే జరిగింది.

మనం ఇందులో వేలు చూపగలిగిన స్థితిలో లేం. మన ఇళ్లలోనూ రిపోర్టు ముందుగా పెద్దకొడుకు చేతికో అల్లుడి చేతికో వెళుతుంది. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. రోగి అంతా గ్రహించి, తాను గ్రహించినట్టు వాళ్లకు తెలియకుండా జాగ్రత్తపడతాడు. ఒకరినొకరు కాపాడుకునే ఈ నాటకంలో ప్రేమ నిజమైనదే. కాకపోతే అందులో ఎవరికీ మనసు విప్పి మాట్లాడే సన్నివేశం రాదు.

జపాన్‌లో 1990ల నుంచి ఈ తీరు మెల్లగా మారింది. మార్పుకు చట్టరూపం వచ్చిన సందర్భం ఒకటి తలుచుకోదగ్గది. 2006 మే నెలలో ఎగువ సభ సభ్యుడు యమమోతో తకాషి మాట్లాడడానికి లేచి, తనకు క్యాన్సర్ ఉందని నిండుసభలో చెప్పాడు. క్యాన్సర్ నియంత్రణ చట్టాన్ని ఆలస్యం చేయవద్దని పార్టీలకు అతీతంగా సభ్యులను కోరాడు. జూన్‌లో చట్టం వచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో ఆయన వెళ్లిపోయాడు. రోగం పేరు రోగికే చెప్పని దేశంలో, రోగి తానే లేచి దేశానికి చెప్పడంతో చట్టం కదిలింది. పిల్లలకు చెప్పాలన్న సంకల్పం ఆ చట్టం కింద 2012లో వచ్చిన రెండో ప్రణాళికలో స్పష్టమైంది. 2016 డిసెంబరు సవరణలో అది చట్టంలోనే ఒక భాగమైంది. ఆ తర్వాతది విద్యాశాఖ పని: నివేదికలు, బోధనా సామగ్రి, మార్గదర్శకాలు. జపాన్ ప్రభుత్వ యంత్రాంగం ఇలాంటివి ఓపికగా చేస్తుంది, ఓపికగా చదివేవాళ్లు కూడా అక్కడ ఉంటారు.

పిల్లలకే ఎందుకన్న ప్రశ్నకు లెక్కల్లో జవాబుంది. 1981 నుంచి ఆ దేశంలో మరణ కారణాల్లో మొదటి స్థానం క్యాన్సర్‌ది. జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఇద్దరిలో ఒకరికి అది వస్తుందని అంచనా. నలభై మంది కూర్చున్న తరగతిలో ఈ అంకె వింటే ఏ పిల్లవాడికైనా పక్కవాడి వైపు చూడాలనిపిస్తుంది. అయితే ఆ అంకెలో భయపెట్టేదానికన్నా శుభవార్తే ఎక్కువ. మనుషులు ముసలివాళ్లయ్యేదాకా బతికే దేశం కాబట్టే అక్కడ ఇంతమందికి క్యాన్సర్ వస్తుంది. క్షయతోనూ విరేచనాలతోనూ చిన్నతనంలోనే పోయే రోజుల్లో ఈ జబ్బుకు ఇన్ని అవకాశాలు దొరికేవి కావు. దీర్ఘాయువు తన ఖర్చును ఇలా వసూలు చేసుకుంటోందని 14 ఏళ్ల పిల్లలకు ఎలా చెప్పాలో నాకైతే తోచదు. వాళ్లకు ముసలితనం మీద అసలు నమ్మకముండదు.

చెప్పిన పాఠం ఎప్పుడు పనికొస్తుందో చూస్తే మరింత తమాషాగా ఉంటుంది. ఆ దేశంలో ఊపిరితిత్తుల, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్ పరీక్షలు 40 ఏళ్లకు మొదలవుతాయి. కడుపు క్యాన్సర్ పరీక్ష 50కి, గర్భాశయ ముఖద్వార పరీక్ష 20కి. అంటే బడిలో ఇస్తున్నది పాతికేళ్ల తర్వాతి తారీఖు వేసిన చెక్కు. అప్పటిదాకా పిల్లవాడు దాన్ని ఏ జేబులో దాచుకోవాలి? త్రికోణమితి కూడా అన్నాళ్లు నిలవదు. అందుకే ఈ చదువు అసలు ఉద్దేశం వేరే ఉందని కొందరు మొహమాటం లేకుండానే ఒప్పుకుంటారు. పిల్లవాడికి 14 అంటే తల్లికి 40, తండ్రికి 45 ఉంటాయి. పరీక్షకు వెళ్లవలసిన వాళ్లు వాళ్లే. కొన్ని తరగతుల్లో పాఠం చివర పిల్లల చేత ఇంట్లోవాళ్లకు ఒక చిన్న ఉత్తరం రాయిస్తారు: మీరు పరీక్ష చేయించుకోండి అని. పురపాలక సంఘం నుంచి వచ్చిన కవరును బల్ల మీద నెలల తరబడి పడేసే తల్లి, కొడుకు చేతిరాతను అలా పడేయలేదు. పరీక్షలకు వెళ్లేవాళ్లు సగానికి అటూ ఇటూ ఊగిసలాడుతున్న దేశంలో ఆ లెక్కను 60 శాతానికి తేవాలని 2023 ప్రణాళిక లక్ష్యం పెట్టుకుంది. ఆ లక్ష్యం బరువులో కొంత బడిసంచీల్లో మోయిస్తున్నారన్న మాట.

ఇది పిల్లల మీద అన్యాయమేమో అనిపిస్తుంది. కానీ 2011 మార్చి 11న కమైషి పట్టణంలో జరిగింది గుర్తొస్తే ఆ అనుమానం కొంత తగ్గుతుంది. భూమి కంపించగానే మాధ్యమిక పాఠశాల పిల్లలు ఎవరి ఆజ్ఞకూ ఆగకుండా గుట్ట వైపు పరుగెత్తారు. వాళ్లను చూసి చిన్నబడి పిల్లలు, వాళ్లందరినీ చూసి ఊళ్లో పెద్దలు కూడా కదిలారు. ఆ పట్టణంలోని సుమారు 3 వేల మంది బడిపిల్లల్లో దాదాపు అందరూ సునామీ నుంచి బయటపడ్డారు. పెద్దలు పిల్లల వెనక నడిచిన రోజది. అయితే సునామీకీ క్యాన్సర్‌కూ మధ్య తేడా వేగంలో ఉంది. ఒకటి అరగంటలో వచ్చేస్తుంది, రెండోది ఒక్క కణం నుంచి కంటికి ఆనేంత కావడానికే చాలాసార్లు పది, ఇరవై ఏళ్లు తీసుకుంటుంది. అరగంట భయానికి కాళ్లు వాటంతటవే లేస్తాయి. ఇరవై ఏళ్ల భయానికి మనిషి ఒక టీ తాగి, రేపు చూద్దాం అంటాడు.

ఉత్తరం అందుకున్న తండ్రి సిగరెట్ తాగేవాడైతే కథ ఇంకాస్త చిక్కబడుతుంది. ఒక మంత్రిత్వశాఖ బడిలో పొగాకు కీడును పాఠంగా చెప్పిస్తుంది. జపాన్ టొబాకో సంస్థ వాటాల్లో మూడో వంతుకు పైగా ప్రభుత్వం చేతిలోనే ఉండాలని మరో చట్టం చెబుతుంది, ఆ వాటాల లాభాన్ని ఇంకో మంత్రిత్వశాఖ అందుకుంటుంది. ఖజానాకూ తరగతి గదికీ ఒకే గోడ పంచుకునే అలవాటు ఏ దేశంలోనైనా ఉన్నదే కాబట్టి మనం దీని గురించి ఆశ్చర్యం నటించనక్కర్లేదు.

ఇంతవరకూ పాఠం ఇంటికి వెళ్లే దారి చూశాం. ఇంటి నుంచి తరగతికి వచ్చే దారి కూడా ఒకటుంది, అసలు కష్టం అక్కడే. క్యాన్సర్‌ను త్వరగా గుర్తిస్తే పదింట తొమ్మిది వంతులు నయమవుతుందని టీచరు నల్లబల్ల మీద రాస్తాడు. అది నిజం, చెప్పవలసిన నిజం. కిటికీ పక్క వరుసలో కూర్చున్న అమ్మాయి తల్లి రెండేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌తో పోయి ఉంటే, ఆ వాక్యం ఆమెకు మరోలా వినిపిస్తుంది. అయితే మా అమ్మ ఆలస్యం చేసిందన్న మాట. లేదా, మేం ఆలస్యం చేశామన్న మాట. ఆశ కోసం రాసిన వాక్యం ఒక్క బల్ల దగ్గర నేరారోపణగా మారుతుంది. మిగతావాళ్లకు పాఠం జ్ఞానమిస్తుంటే ఆ పిల్లకు అభియోగపత్రం అందుతుంది. జీవనశైలి గురించిన వాక్యాలు ఇంకా పదునైనవి. ఉప్పు, పొగ, మద్యం, సోమరితనం అని వరసగా చదువుతున్నప్పుడు, ప్రతి మాటకూ ఇంట్లో ఒక ముఖం కనిపించే పిల్లలు ఉంటారు.

మార్గదర్శకాలు రాసినవాళ్లు ఈ సంగతి మరిచిపోలేదు. క్యాన్సర్ సోకిన పిల్లలు, ఇంట్లో రోగి ఉన్న పిల్లలు, ఆప్తులను పోగొట్టుకున్న పిల్లలు తరగతిలో ఉండవచ్చని, పాఠం ఉందని ముందుగానే తెలియజేయాలని, వినలేని వాళ్లను బలవంతపెట్టవద్దని రాశారు. ఎంతో మృదువైన ఏర్పాటు. కానీ బడి అనే చోట ఒకరు లేచి బయటికి వెళ్లడమంటే ఏమిటి? ఆ ఖాళీ కుర్చీ చెప్పకుండానే అంతా చెప్పేస్తుంది. గోప్యతను కాపాడే తలుపే గోప్యతను బయటపెడుతుంది. లోపల ఉంటే పాఠం గుచ్చుకుంటుంది, బయటికి వెళితే చూపులు గుచ్చుకుంటాయి. నా మట్టుకు నాకు, ఈ చదువంతటిలో టీచరు తెలివికి నిజమైన పరీక్ష ఇదేననిపిస్తుంది. దీనికి పుస్తకంలో సమాధానం దొరకదు. బడిలో ఆరోగ్యం గది చూసుకునే ఉపాధ్యాయురాలు ఒకామె అక్కడ దాదాపు ప్రతి బడిలోనూ ఉంటుంది. తలనొప్పి అని వచ్చిన పిల్లకు తల నొప్పి లేదని గ్రహించడం ఆమె వృత్తిలో భాగం. ఇలాంటి రోజుల్లో బడి ఆమె మీద ఆధారపడుతుంది.

ఆ అమ్మాయికి ఉపశమనం ఇవ్వగల వాక్యం కూడా పాఠంలోనే ఉంది, ఎవరైనా ఆగి చదివితే. జపాన్‌లో వచ్చే క్యాన్సర్లలో మానుకోగల కారణాలకు ముడిపెట్టగలిగినవి మూడో వంతుకు కొంచెం ఎక్కువని అక్కడి పరిశోధకుల అంచనా. వాటిలోనూ పెద్ద భాగం పొగాకుదీ, కడుపులోని హెలికోబాక్టర్ పైలోరి, కాలేయంలోని హెపటైటిస్ వైరస్‌ల వంటి అంటువ్యాధులదీ. మిగతా రెండు వంతుల దగ్గర శాస్త్రం ఎవరి వైపూ వేలు చూపదు. ఏటా 2 వేలకు పైగా జపాన్ పిల్లలకే క్యాన్సర్ వస్తోంది, వాళ్లు ఏ దురలవాటూ నేర్చుకోకముందే. బడి సాధారణంగా కారణాలు చెప్పడానికి ఉన్న చోటు. కారణం లేకుండా జరిగేవి ఉంటాయని బడిలో చెప్పే సందర్భాలు అరుదు. చరిత్ర టీచరు ఆ మాట ఒప్పుకోడు, లెక్కల టీచరు అసలే ఒప్పుకోడు. డ్రిల్లు మాస్టారికి ఆ అవకాశం దక్కింది.

ఈ పాఠానికి బయటి నుంచి మనుషుల్ని పిలవమని కూడా ప్రోత్సహిస్తారు, వైద్యుల్నీ, జబ్బు నుంచి కోలుకున్నవాళ్లనూ. టోక్యో విశ్వవిద్యాలయంలో రేడియేషన్ వైద్యుడైన నకగావా కెయిచి చాలా ఏళ్లుగా బడుల్లో ఈ పాఠం చెబుతున్నవాడు. 2018 చివర్లో ఆయన అల్ట్రాసౌండ్‌తో తనను తానే పరీక్షించుకుని మూత్రాశయంలో క్యాన్సర్ కనిపెట్టాడు. తొలిదశలోనే కావడంతో చికిత్స చేయించుకుని పనిలోకి తిరిగి వచ్చాడు. ఉపన్యాసకుడే ఉదాహరణగా మారిన ఇలాంటి సందర్భం ఏ పాఠ్యపుస్తక రచయితా కల్పించుకోలేడు. కోలుకున్న మనిషి బడి వ్యాయామశాలలో మైకు ముందు నిలబడినప్పుడు, ఆమె ఏం చెప్పిందనే దానికన్నా ఆమె అక్కడ నిలబడి ఉండడమే పాఠం. ఆ దేశంలో క్యాన్సర్ వచ్చినవాళ్లలో అయిదేళ్లకు మించి బతికే వాళ్లు 60 శాతం పైమాటే. పిల్లలకు సినిమాల్లోనూ సీరియళ్లలోనూ కనిపించేది మాత్రం మిగతా 40 మందే. బతికినవాళ్ల మీద కథ నడవదు కాబట్టి కథకులు వాళ్లను పట్టించుకోరు.

జపాన్ పిల్లలకు ఇంతకుముందు క్యాన్సర్ తెలియదని అనుకోవడమూ సరికాదు. హిరోషిమాలో బాంబు పడినప్పుడు రెండేళ్ల పసిపాప అయిన ససాకి సదాకో, 12 ఏళ్లకు, 1955 అక్టోబరులో ల్యుకేమియాతో చనిపోయింది. ఆమె తోటి విద్యార్థులు మొదలుపెట్టిన ఉద్యమం వల్ల 1958లో శాంతి ఉద్యానంలో పిల్లల స్మారకం లేచింది. దేశం నలుమూలల నుంచి బడిపిల్లలు అక్కడికి కాగితపు కొంగల దండలు పంపుతూనే ఉన్నారు. తరాల తరబడి ఒక రక్త క్యాన్సర్ కథను కంఠతా పట్టిన పిల్లలు వీళ్లు. అయితే అది యుద్ధపాఠం. అందులో జబ్బుకు శత్రువు ఉన్నాడు, తారీఖు ఉంది, ఆకాశంలో విమానం ఉంది. కారణమున్న క్యాన్సర్‌ను స్మరించడం తేలిక. తాతయ్య కడుపులో, ఏ విమానమూ రాకుండా, ఒక మామూలు మంగళవారం మొదలైన దానికి కొంగను ఎటువైపు పంపాలో తెలియదు.

ఇంత పట్టుదలగా చెప్పాలనుకున్న దేశం ఒక్క చోట మాత్రం మళ్లీ నోరు కట్టేసుకుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో అక్కడ ఏటా 3 వేలకు దగ్గరగా స్త్రీలు చనిపోతున్నారు. దానికి మూలమైన హెచ్‌పీవీ వైరస్‌ను అడ్డుకునే టీకాను 2013 ఏప్రిల్‌లో ప్రభుత్వం బాలికలకు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. టీకా వేసుకున్న కొందరు అమ్మాయిల నొప్పులు, వణుకులు టీవీల్లో కనిపించేసరికి రెండు నెలలకే, జూన్‌లో, వెనక్కి తగ్గింది. రద్దు చేయలేదు. ఉచితమే, చట్టబద్ధమే, కావాలంటే వేసుకోవచ్చు, కానీ మేం రమ్మని పిలవం అంది. పిలుపు ఆగిపోవడంతో 70 శాతం దాకా ఉన్న టీకా 1 శాతం కిందికి పడిపోయింది. నగోయా నగరంలో సుమారు 30 వేల మంది యువతుల సమాధానాలు పరిశీలించిన అధ్యయనంలో ఆ లక్షణాలకూ టీకాకూ సంబంధం కనబడలేదు. మళ్లీ పిలవడానికి ప్రభుత్వానికి 2022 ఏప్రిల్ వచ్చింది. ఉన్నత పాఠశాలల్లో క్యాన్సర్ పాఠం తప్పనిసరి అయింది కూడా ఆ నెలలోనే.

ఇక్కడ మనకు ఖమ్మం జిల్లా గుర్తుకు రాక మానదు. 2009లో అక్కడ సుమారు 14 వేల మంది బాలికలకు ఇదే టీకా వేశారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. టీకా వేసుకున్నవాళ్లలో కొందరు బాలికల మరణాలకు అది కారణమయ్యే అవకాశం లేదనే విచారణ సంఘం భావించింది. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల చేత సంతకాలు పెట్టించిన తీరును 2013లో పార్లమెంటు స్థాయీసంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఖమ్మం పిల్లలకు సూది అందింది, వివరం అందలేదు. జపాన్ పిల్లలకు తొమ్మిదేళ్లపాటు వివరాలు టీవీలో కావలసినన్ని అందాయి, సూది అందలేదు. ఈ రెంటినీ ఒకే బల్ల మీద పెట్టడానికి కావలసింది ఒక తరగతి గదీ, ఒక గంట సమయమూ.

ఆ గంటలోనూ ఒక చిక్కుంది. ఈ వైరస్ లైంగికంగా వ్యాపిస్తుంది. టీకాకు అర్హత మొదలయ్యేది ప్రాథమిక పాఠశాల ఆరో తరగతిలో. మాధ్యమిక పాఠశాలలో గర్భధారణకు దారితీసే క్రమాన్ని బోధనలో చేర్చనక్కర్లేదని మరో వైపు ఆ పాఠ్యప్రణాళికే అంటుంది. కాబట్టి మాస్టారు వైరస్ పేరు చెప్పాలి, అది తెచ్చే జబ్బు చెప్పాలి, ఆపే టీకా చెప్పాలి. అది ఏ దారిన వస్తుందో వివరంగా చెప్పకుండా దాటిపోవాలి. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు నోట్సు రాసుకుంటారు, వెనక వరుసలో వాళ్లకు ఆ సంగతి ముందే తెలుసు.

ఈ చదువుకు విద్యాశాఖ రెండు లక్ష్యాలు పెట్టింది. క్యాన్సర్‌ను సరిగ్గా అర్థం చేసుకోవడం ఒకటి, ఆరోగ్యం గురించీ ప్రాణం విలువ గురించీ స్వయంగా ఆలోచించడం రెండోది. మొదటిదానికి మార్కులు వేయవచ్చు. రెండోదాన్ని కొలవడానికి బడి దగ్గర ఉన్న సాధనం ఒక్కటే: పాఠం అయ్యాక రాయించే అనుభూతి పత్రం. ప్రాణం ఎంత విలువైనదో ఈ రోజు తెలిసిందని రాయడం ఏ తెలివైన పిల్లకైనా చేతనవును. ఏం రాస్తే టీచరు సంతోషిస్తాడో పిల్లలకు రెండో తరగతిలోనే తెలుస్తుంది. పెన్ను పట్టుకుని ఏమీ రాయలేక గంట కొట్టేదాకా కూర్చున్న పిల్ల ఒకతె ఉంటే, రెండో లక్ష్యం ఆమెలో నెరవేరి ఉండవచ్చు. ఆ పత్రం మాత్రం ఖాళీగా లెక్కలోకి వెళుతుంది.

అసలు ఫలితం తేలేది టీచరు చూడని చోట, చాలా ఏళ్ల తర్వాత. 2022 ఏప్రిల్ నుంచి జపాన్‌లో 18 ఏళ్లకే మేజర్లు. అప్పు పత్రం మీద సంతకం పెట్టవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు. పొగ తాగడానికి మాత్రం 20 నిండాలన్న నియమాన్ని కదపలేదు. చాలా పురపాలికలు ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార పరీక్ష కోసం ఉచిత కూపను పంపేది కూడా ఆ 20 ఏళ్లకే. అంటే సిగరెట్ కొనుక్కునే హక్కూ, పరీక్షకు రమ్మనే కవరూ ఆ అమ్మాయికి ఇంచుమించు ఒకే ఏడాది, ఒకే రాజ్యం చేతుల మీదుగా అందుతాయి. కవరు తెరిచే రోజున ఆమె ఊరు మారి ఉంటుంది, కాలేజీలోనో ఉద్యోగంలోనో తీరిక లేకుండా ఉంటుంది. ఇంటికి పాత ఉత్తరం రాసింది తానేనన్న సంగతి కూడా మరిచిపోయి ఉండవచ్చు. కూపను మీద గడువు తేదీ ఉంటుంది.